తల్లి కువైట్‌లో ఉంటే ఇంట్లో జపం ఎవరు చెప్పాలి?



క్రిస్మస్ అయిన తరువాత వచ్చే ఆదివారం తిరుసభ పవిత్ర కుటుంబ పండుగ జరుపుకుంటుంది. 1921లో పదిహేనవ బెనెడిక్ట్ జగద్గురువులు ఈ పండుగను లోకంలోని తిరుసభ అంతటికీ ఇచ్చారు. మూడేళ్ళకొకసారి ఆ రోజు మత్తయి సువార్త రెండవ అధ్యాయం చదువుతాం. హేరోదు బిడ్డను చంపజూస్తున్నాడని దేవదూత కలలో చెప్పడం, జోజప్పగారు రాత్రికి రాత్రే లేచి ఐగుప్తుకు బయలుదేరడం ఆ రోజు సువార్త. వేరే ఊళ్ళలో ఎట్లా వినపడుతుందో గాని, మా విచారణలో ఐగుప్తు అనగానే జనానికి కువైట్ గుర్తొస్తుంది. నేను పీఠం దగ్గర నిలబడి చదువుతుంటే ఆడవాళ్ళ వరుసలో కొంగులు కళ్ళ దగ్గరకు పోవడం చూస్తూనే ఉంటాను.

ఆ సువార్తలో ఒక సంగతి నన్ను వదలదు. జోజప్పగారు తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకొని పోయారు. ముగ్గురూ కలిసే పోయారు. మనం చూసే బొమ్మల్లో మరియమ్మ గాడిద మీద కూర్చొని ఉంటుంది. సువార్తలో గాడిద మాట లేదు, బొమ్మలు గీసినవాళ్ళ దయ అది. గాడిద ఉన్నా లేకున్నా ముగ్గురూ ఒకే దారిన నడిచారు, పరాయి దేశంలో ఒకే కప్పు కింద పడుకున్నారు. మా దగ్గర వలస అట్లా ఉండదు. తల్లి ఒక్కతే పోతుంది. ఇంటిపని వీసా మీద పోయిన మనిషి భర్తనూ పిల్లలనూ అక్కడికి పిలిపించుకోలేదు. పోయేది కుటుంబం కాదు, కుటుంబంలో నుంచి ఒక ముక్క.

కడప, రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల వాళ్ళకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. గోదావరి జిల్లాల వాళ్ళకూ తెలుసు. మగవాళ్ళ వీసాకు ఏజెంటు అడిగే డబ్బు ఎక్కువ. ఇంటిపని మనిషికైతే ఖర్చు చాలావరకు అక్కడి యజమానే పెట్టుకుంటాడు. ఇక్కడ బోరు ఎండిపోయి ఉంటుంది, చీనీ చెట్లు కొట్టేసి ఉంటారు, మెడలోది బ్యాంకులో ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరు పోవాలన్న ప్రశ్నకు జవాబు ముందే తేలిపోతుంది.

ఇంకొక లెక్క ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పదో తరగతి పాసు కాని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పోవాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. చిన్న వయసు ఆడబిడ్డలు మోసపోకూడదని పెట్టిన మంచి నిబంధనే. కాకపోతే మన పల్లెల్లో 30 దాటిన తల్లి బిడ్డలకు ఎన్నేళ్ళుంటాయో చూడండి. ఎనిమిది, పది, పన్నెండు. సరిగ్గా మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడే వయసు. జపాలు నేర్చుకునే వయసు. మంచీ చెడూ ఎవరినైనా అడగాలనిపించే వయసు. ఆ వయసులోనే అడగాల్సిన మనిషి ఇంట్లో ఉండదు.

తల్లి గడప దాటితే కుటుంబం నాశనమేనని ప్రసంగాల్లో చెప్పేవాళ్ళున్నారు. పోయినామె డబ్బుకు ఆశపడి పోయిందన్నట్లు మాట్లాడతారు. నేను ఆ మాట అనను. ఆమె పంపిన డబ్బుతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, పిల్లలకు ఫీజులు కడుతున్నారు, మామకు కంటి ఆపరేషన్ అయింది. పండుగకు గుడికి రంగు వేసినప్పుడు చందా రాసినవాళ్ళలో ఆమె పేరు ముందే ఉంటుంది. ఆ చందా తీసుకొని, అదే పీఠం మీద నుంచి ఆమెను నిందించడం న్యాయం కాదు.

తిరుసభ కూడా అట్లా నిందించలేదు. 1981లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు క్రైస్తవ కుటుంబం గురించి రాసిన ప్రబోధంలో పని కోసం వలసపోయిన కుటుంబాలనూ, చాలా కాలం ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చిన వాళ్ళనూ ప్రత్యేకంగా తలచుకొని, విచారణలు వాళ్ళను ఆదుకోవాలని కోరారు. తిరుసభ చట్టంలో 1151వ నిబంధన ఉంది. భార్యాభర్తలు కలిసి కాపురం చేయడం వాళ్ళ హక్కు, వాళ్ళ బాధ్యత, తగిన కారణం ఉంటే తప్ప అని దాని సారం. తీరని అప్పు తగిన కారణమే. ఆకలి తగిన కారణమే. ఆ కారణం ఎంత కాలం కారణంగా ఉంటుందన్నదే మనం అడగని ప్రశ్న. దాని గురించి కింద రాస్తాను.

ముందు ఇంట్లో మిగిలిన మనిషి గురించి మాట్లాడుకుందాం. తల్లి పోయిన ఇంటి గురించి ఎక్కడ మాట వచ్చినా అందరూ పోయినామె గురించే మాట్లాడతారు. ఉన్న మగమనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఇళ్ళ సందర్శనకు పోయినప్పుడు నేను అడుగుతాను. రాత్రి పూట ఇంట్లో జపం ఎవరు చెప్తున్నారు అని. దాదాపు అన్ని ఇళ్ళలో ఒకటే జవాబు.

"ఆయమ్మ ఉన్నెప్పుడు చెప్తా ఉండె సామీ."

గోడకు చిన్న పీట, పీట మీద మరియమాత స్వరూపం, ముందర ప్లాస్టిక్ పూలు. జపమాల మేకుకు వేలాడుతూ ఉంటుంది. పూసల మీద దుమ్ము.

మన ఇళ్ళలో దేవుని పని ఆడవాళ్ళ పని అయిపోయింది. పిల్లలను తయారుచేసి సత్యోపదేశానికి పంపడం, శుక్రవారం ఒక్కపొద్దు గుర్తు చేయడం, చనిపోయినవాళ్ళకు పూజ రాయించడం, అన్నీ ఆమే. మగవాళ్ళం పండుగకు తెల్లచొక్కా వేసుకొని వచ్చి గుడి వెనక తలుపు దగ్గర నిలబడతాం. తల్లి ఇంట్లో ఉన్నంత కాలం ఈ సంగతి బయటపడలేదు. ఆమె విమానం ఎక్కిన రోజు బయటపడింది. కాబట్టి ఆ ఇళ్ళలో జపం ఆగిపోయిందంటే కువైట్ ఆపిందని నేను అనుకోను. ఆ ఇంటి విశ్వాసం మొత్తం ఒక్క మనిషి భుజం మీదే నిలబడి ఉండేది, అది ఇప్పుడు కనపడింది.

మీ బిడ్డల జ్ఞానస్నానం రోజు గుర్తు తెచ్చుకోండి. పాస్కా కొవ్వొత్తి నుంచి బిడ్డ కొవ్వొత్తిని మామూలుగా తండ్రి చేతనే వెలిగింపజేస్తాం. చివర దీవెనలు ఉంటాయి. మొదట తల్లికి, తరువాత తండ్రికి, ఆ తరువాత అక్కడున్న అందరికీ. ఇద్దరూ కలిసి బిడ్డకు విశ్వాసంలో మొదటి సాక్షులు కావాలని గురువు ప్రార్థిస్తాడు. ఆ ప్రార్థన ఏ దీవెనలో ఉందో ఎప్పుడైనా విన్నారా? తండ్రికి ఇచ్చే దీవెనలో ఉంది. ఆ సమయానికి తండ్రులు ఫోటోగ్రాఫర్ వైపు చూస్తుంటారు, బయట బిర్యానీ దించారా లేదా అని బామ్మర్దికి సైగ చేస్తుంటారు. వినపడదు. కాని ఆ మాట వాళ్ళ తల మీదే పడింది.

బేల్దారి పని చేసే ఒకాయన ఇల్లు చెప్తాను. పేర్లు లేకుండా, వాళ్ళను అడిగే రాస్తున్నాను. భార్య పోయి అప్పటికి నాలుగో ఏడు. పదిహేనేళ్ళ కొడుకు, పన్నెండేళ్ళ కూతురు, ఆయన తల్లి. ఆయన తాగుబోతు కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. మంచి పనిమంతుడు. పొద్దున పోయి చీకటి పడినాక వస్తాడు, తిని పడుకుంటాడు. పిల్లలతో రోజుకు నాలుగు మాటలు కూడా ఉండవు. కోప్పడడు కూడా. వీళ్ళ సంగతి అవ్వ చూసుకుంటుందిలే అనుకుంటాడు, అవ్వకేమో కళ్ళు సరిగా కనపడవు.

జపం మాట ఎత్తితే, "నాకేం వచ్చు సామీ, సదువు రానోన్ని" అన్నాడు.

జపమాలకు చదువు అక్కర్లేదప్పా అన్నాను. చదువు రాని వాళ్ళ చేతిలోనే జపమాల ఇన్ని వందల ఏళ్ళు బతికింది. జోజప్పగారి మాట ఒక్కటి కూడా నాలుగు సువార్తల్లో ఎక్కడా రాసి లేదు. ఆయన లేచాడు, తీసుకుపోయాడు, తిరిగి తెచ్చాడు. అంతే రాసి ఉంది. 2020 డిసెంబరు 8న ఫ్రాన్సిస్ జగద్గురువులు జోజప్పగారి మీద 'పాత్రిస్ కోర్దె' అనే లేఖ రాశారు, తండ్రి హృదయంతో అని ఆ లాటిన్ మాటకు అర్థం. కన్నంత మాత్రాన ఎవరూ తండ్రి అయిపోరని, బిడ్డ బాధ్యతను తలకెత్తుకున్నవాడే తండ్రి అవుతాడని అందులో ఒక చోట చెప్పారు. ఆ లేఖ సంగతి నేను ఆయనకు చెప్పలేదు, పొద్దున్నుంచి ఇటుకలు మోసి వచ్చిన మనిషికి లాటిన్ ఎందుకు. రెండు పనులు మాత్రం అడిగాను. అన్నానికి కూర్చున్నప్పుడు ఒక పరలోక జపం. పిల్లలు పడుకునే ముందు వాళ్ళ నుదుట సిలువ గుర్తు.

ఆయన చాలాసేపు నేల చూసి, "నా బిడ్డ నుదురు నేను ముట్టుకోని ఎన్నేండ్లయిందో సామీ" అన్నాడు.

మొదటి వారం ఇంట్లో నవ్వులేనట. పరలోక జపం సగంలో తప్పిపోయేవాడు, కూతురు అందించేది. కొడుకు ఫోన్ లోంచి తల ఎత్తేవాడు కాదు, నుదురు చూపించమంటే "పో నాయనా" అని పక్కకు తిరిగి పడుకునేవాడు. ఆయన పిల్లోడి వీపు మీద సిలువ గుర్తు వేసి వచ్చేవాడు. ఇది విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

అట్లా ఆరేడు నెలలు గడిచాక ఆ పాప పెద్దమనిషి అయింది. ఆ రోజు అవ్వ ఊళ్ళో లేదు, కూతురి ఇంటికి పోయింది. తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, అక్కడ పని వేళ. మన ఇళ్ళలో అట్లాంటప్పుడు ఆడపిల్ల ఏం చేస్తుందో మీకు తెలుసు. దాచుకుంటుంది, ఏడుస్తుంది, ఎవరైనా ఆడమనిషి వచ్చేదాకా మూలన కూర్చుంటుంది. ఆ పాప సాయంత్రం పనినుంచి వచ్చిన నాయనకు చెప్పింది. ఆయన ఏమీ అనలేదట. కాళ్ళు కూడా కడుక్కోకుండా సైకిల్ తీసి, పక్క ఊరి మెడికల్ షాపుకు పోయి, కావాల్సింది అడిగి తెచ్చాడు. వచ్చి, పక్కింటి అక్కను పిలిచాడు. నాకు ఈ సంగతి తరువాత అవ్వ చెప్పింది. "నా కొడుకు సిగ్గుపడల్యా సామీ" అని రెండుసార్లు అన్నది.

నుదుట వేసిన సిలువ గుర్తు వల్లే ఆ పాపకు ఆ ధైర్యం వచ్చిందని నేను నిరూపించలేను. ఆ చెయ్యి ఆ బిడ్డకు అప్పటికి కొత్త కాదు, అంతవరకు చెప్పగలను. రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని ఇంటి తిరుసభ అన్నది. పెద్ద మాట. మనం దాన్ని పెళ్ళి పత్రికల మీద అచ్చు వేయించుకుంటాం. ఆ సాయంత్రం ఆ ఇంట్లో పీట మీద స్వరూపం, మేకుకు జపమాల, వాకిట్లో సిమెంటు అంటిన సైకిల్. ఇంటి తిరుసభ అంటే నాకు ఇప్పుడు అదే కనపడుతుంది.

ఫంక్షన్ చేశారు. వద్దన్నా చేస్తారు, తల్లి లేని లోటు కనపడకూడదని ఇంకాస్త ఎక్కువ చేస్తారు. తల్లి వీడియో కాల్‌లో చూసింది. ఆమె వెనక ఇస్త్రీ బట్టల గుట్ట కనపడుతోంది. ఎవరో ఫోన్‌ను కుర్చీలో, పాప పక్కన, దిండుకు ఆనించి నిలబెట్టారు. బంధువులు వచ్చి పాప మీద అక్షింతలు వేసి, ఫోన్ మీద కూడా రెండు గింజలు వేసి పోయారు.

ఇక ఈ ఫోన్ గురించి. పిల్లలను ఫోన్ చెడగొడుతుందని ప్రతి ప్రసంగంలో వింటున్నారు, నేను మళ్ళీ చెప్పను. మా విచారణలో ఫోన్ లేకపోతే సగం ఇళ్ళలో తల్లే ఉండదు. నాకు కనపడే చిక్కు వేరే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5:30, వంట పని జోరుగా ఉండే వేళ. ఆమె పని ముగించుకొని గది తలుపు వేసుకొనేసరికి అక్కడ 11 అవుతుంది. ఇక్కడ ఒకటిన్నర. పిల్లలు నిద్రలో ఉంటారు. మేలుకొని ఉండేది భర్త ఒక్కడే, అదీ సగం నిద్రలో. అప్పుడు మాట్లాడుకునేది ఏముంటుంది? డబ్బు పడిందా. పడింది. వాళ్ళకిచ్చినావా. ఇచ్చినా. ఇంక సరే.

దాని పక్కనే అనుమానం మొలుస్తుంది. పన్నెండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావు, నాకెందుకు చేయలేదు? నువ్వు చూసినావు, జవాబెందుకు ఇవ్వలేదు? పూర్వం దూరం పోయినవాళ్ళకు ఉత్తరం వచ్చేదాకా నమ్మకమే దిక్కు. ఇప్పుడు నిమిషం నిమిషం కనపడుతుంది, నమ్మకం మాత్రం తగ్గింది. గుడి వరండాలో కూర్చొని నాతో చెప్పుకునే భర్తల బాధ చాలావరకు ఇదే. భార్యలూ అక్కడ నుంచి ఇదే అడుగుతారు, ఇంకో రకంగా. "ఆయన బాగుండాడా సామీ, మీరు చూసినారా?"

2015 మే 13న బుధవారపు సమావేశంలో ఫ్రాన్సిస్ జగద్గురువులు కుటుంబంలో మూడు మాటలు వాడుకలో ఉండాలన్నారు. అనుమతి అడిగే మాట, కృతజ్ఞత మాట, క్షమించమనే మాట. మంచి బోధే. అయితే మన పల్లెల్లో మొగుడూ పెళ్ళాం థాంక్స్ చెప్పుకోరు, చెప్పుకుంటే ఏమైంది నీకని నవ్వుతారు. మన దగ్గర ఆ మూడు మాటల పని చేసే మాట వేరే ఉంది. తిన్నావా? రోజంతా ఇంకొకరి ఇంట్లో పదిమందికి వండి వడ్డించే మనిషిని, తిన్నావా అని అడిగేవాడు లోకంలో ఒక్కడన్నా ఉండాలి. ఆ ఒక్కడు ఎవరై ఉండాలో దివ్యపీఠం ముందర చెయ్యి పట్టుకొని ప్రమాణం చేసిన రోజే నిర్ణయమైపోయింది. డబ్బు సంగతి ఆ తరువాత అడగండి.

పెళ్ళయిన వాళ్ళు పునీతులు కావడం అరుదు అనుకుంటారు చాలామంది. 2015 అక్టోబరు 18న ఒక జంటను ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు, అట్లా జరగడం అదే మొదలు. చిన్న పుష్పం తెరేజమ్మ తల్లిదండ్రులు, ఫ్రాన్స్ దేశపు లూయీ మార్టిన్, జెలీ మార్టిన్. వాళ్ళ బొమ్మ చూసి ఏదో తీరికైన కుటుంబం అనుకోకండి. జెలీ అలెన్సోన్ ఊళ్ళో లేసు అల్లిక వ్యాపారం నడిపేది. ఆ వ్యాపారం పెరిగినప్పుడు లూయీ తన గడియారాల అంగడి అమ్మేసి భార్య పనిలో సాయానికి వచ్చాడు. భార్య సంపాదనలో చెయ్యి కలపడానికి సొంత అంగడి వదులుకున్న మగవాడు పునీతుడయ్యాడు, ఈ సంగతి మన రచ్చబండ దగ్గర చెప్పుకోవాల్సిందే.

తొమ్మిది మంది బిడ్డల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. తెరేజమ్మ పసిగుడ్డుగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, బతికించుకోవడానికి పల్లెలో ఒక పాలదాది దగ్గర ఏడాదికి పైగా ఉంచారు. దాది సంతకు వచ్చినప్పుడు బిడ్డను తల్లి దగ్గర వదిలితే, బిడ్డ దాది కోసం ఏడ్చేది. మరి మన ఇళ్ళలో సెలవుకు వచ్చిన తల్లిని చూసి అవ్వ కొంగు వెనక దాక్కునే పిల్లలు లేరా? పునీతుల ఇంట్లోనూ అదే జరిగింది. 1877లో జెలీ చనిపోయింది. తెరేజమ్మకు నాలుగేళ్ళు. లూయీ ఐదుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకొని, జెలీ తమ్ముడి కుటుంబం ఉన్న లిసియూకు మారాడు, వాళ్ళ నీడలో పిల్లలను పెంచాడు. రాత్రి జపానికి చిన్నపిల్ల తండ్రి పక్కన కూర్చునేది. ఆ పిల్ల పెద్దయ్యాక తిరుసభకు బోధకురాలైంది.

ఇప్పుడు ఇందాక వదిలిన ప్రశ్న. ఎంత కాలం?

పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఏడవ అధ్యాయంలో భార్యాభర్తలు ఒకరికొకరు దూరంగా ఉండడం గురించి చెప్పారు. ఆయన మాట్లాడింది ప్రార్థన కోసం దూరంగా ఉండడం గురించి, వీసాల గురించి కాదు. అయినా ఆయన పెట్టిన షరతులు నాకు ఈ విషయంలో దారి చూపుతాయి. ఇద్దరి సమ్మతి ఉండాలి. కొంత కాలమే ఉండాలి. తిరిగి కలవాలి. మా విచారణలో మొదటి షరతు సగం నెరవేరుతుంది, రెండోది మొదట్లో ఉంటుంది, తరువాత ఎవరూ తలచుకోరు. రెండేళ్ళని పోతారు. అప్పు తీరుతుంది. తీరిన తరువాత ఇల్లు మొదలవుతుంది. ఇల్లు అయ్యాక మేడ మీద మేడ. పక్కింటివాళ్ళు టైల్స్ వేశారు కాబట్టి మనమూ. రెండేళ్ళు పన్నెండేళ్ళు అవుతాయి. మా ఊరికి వచ్చే దారిలో అట్లాంటి మేడలు ఉన్నాయి, రంగులు బాగుంటాయి, పైన గదుల్లో ఎవరూ ఉండరు. కింద అవ్వ మంచం ఒకటి.

ఒకామె నాతో ఫోన్‌లో అన్నది. "నేను వచ్చేస్తాననే అంటాండా సామీ. ఆయనే ఇంకొక్కసారి అంటాండాడు." మరో ఇంట్లో భర్త రమ్మంటాడు, ఆమె రాలేదు. వచ్చి ఇక్కడ ఏం చెయ్యాలి, మళ్ళీ కూలికా అంటుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. అక్కడ చట్టం ఆమెకు వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని రాసిపెట్టింది, 2015 నాటి 68వ నంబరు చట్టం. సెలవు ఇచ్చే ఇల్లు దొరికిన తల్లి శుక్రవారం కువైట్ నగరంలోని కతీడ్రల్‌కు పోతుంది, అక్కడ ఆదివారపు పూజ శుక్రవారమే ఉంటుంది. ఆ కతీడ్రల్ పేరు పవిత్ర కుటుంబ దేవాలయం. సెలవు ఇవ్వని ఇంట్లో ఉన్న తల్లికి గుడి గంట కూడా వినపడదు. ఇది తెలిసి కూడా రెండో అంతస్తు కోసం భార్యను ఇంకో రెండేళ్ళు ఉండమనే భర్తతో నేను గట్టిగానే మాట్లాడతాను. తీరని అప్పు తగిన కారణం. టైల్స్ తగిన కారణం కావు.

తిరిగి వచ్చినామె కష్టం ఇంకొకటి. టాంగ్ డబ్బాలు, నీడో పాలపొడి, బరువైన దుప్పట్లు అందరికీ పంచుతారు, నాకూ ఒక దుప్పటి వస్తుంది. పది రోజులు పండుగ. ఆ తరువాత ఆమె వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆమెకు తెలియదు. కొడుకు దేనికైనా అవ్వనే అడుగుతాడు. భర్తతో ఒకే గదిలో మాట్లాడటం ఇద్దరికీ కొత్తగా ఉంటుంది, ఫోన్‌లో అయితే పెట్టేయవచ్చు. ఇట్లా వచ్చిన జంటలను ఆ మధ్య ఒక సాయంత్రం గుడిలో కూర్చోబెట్టి పెళ్ళినాటి ప్రమాణాలు మళ్ళీ చెప్పించాము. ఒకాయనకు భార్య పేరు పలకడానికి నోరు రాలేదు, ఎప్పుడూ "ఏమే" అనే పిలిచాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మూడోసారికి పలికాడు.

ఈ నెలలో మా విచారణ నుంచి పోబోయేవాళ్ళున్నారు. వచ్చే ఆదివారం పూజ తరువాత భార్యాభర్తలిద్దరూ, పిల్లలతో సహా, వరండాలో ఆగండి. ఒక్కరు వస్తే దీవెన ఇవ్వను అనను, కాని ఇద్దరూ రండి. ఇంటికొక క్యాలెండరు ఇస్తాము. తిరిగి వచ్చే తేదీ మీరిద్దరూ మాట్లాడుకొని పిల్లల ఎదుట రాయాలి, పిల్లలతోనే గోడకు తగిలింపజేయాలి. ఆ తేదీ మార్చాల్సి వస్తే అదీ వాళ్ళ ఎదుటే మార్చండి.

పరలోక జపం, మంగళవార్త జపం మరిచిపోయిన నాయనలకు శనివారం సాయంత్రం 7 గంటలకు ఉపదేశిగారు గుడిలో ఉంటారు. మగవాళ్ళు మాత్రమే. చదువు రానవసరం లేదు, తెల్లచొక్కా అవసరం లేదు, పని బట్టలతో రావచ్చు. కువైట్‌లో ఉన్న తల్లులెవరైనా ఆ వేళకు ఫోన్‌లో కలవాలనుకుంటే అక్కడ 4:30 అవుతుంది.